పితృధనము, పితృఋణము

మనుష్యుడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో జన్మించునని మన పెద్దలు చెప్పిరి. ఆలయ పాఠశాలలలో పిల్లలకు ఈ మాట నేర్పునప్పుడు పితృఋణమనగా తల్లిదండ్రులయందు భక్తి, పితరులకు తర్పణము, వంశమును నిలుపుట అని అర్థము చెప్పి ముగించుట పరిపాటి. తాతలు మనకు చేసిన మేలువలన కలిగిన ఋణము అది. తాతలు పరులకు చేసిన కీడువలన కలిగిన ఋణము మఱియొకటి యున్నది. దానినిగూర్చి ఉత్సవ సంచికలలో వ్రాయువారు తక్కువ. పండుగనాడు అట్టి ప్రసంగమేల అని కొందఱు అనవచ్చును. అయినను పితరులను స్మరించు దినమున కాక మఱి యే దినమున ఆ లెక్క చూచుకొనవలెను?

అమెరికా దేశములో వర్జీనియా రాష్ట్ర రాజధానియగు రిచ్మండ్ నగరమందు ఒక క్రైస్తవ సంఘము ఈ లెక్కను 2015వ సంవత్సరమునుండి చూచుకొనసాగినది. వారి మతము వేఱు, దేశము వేఱు. కాని తోటలలో పరులకొఱకు శ్రమించినవారి సంతతికి ఆ కథ బొత్తిగా పరాయిది కాదు.

ఆ దేవాలయము పేరు సెయింట్ పాల్స్. ఇంగ్లండు దేశపు ఆంగ్లికన్ సంప్రదాయమునకు అమెరికాలోని శాఖను ఎపిస్కోపల్ చర్చి అందురు. ఆ శాఖకు చెందిన ఈ ఆలయము వర్జీనియా శాసనసభా భవనమునకు ఎదురుగా, గ్రేస్ వీధియు తొమ్మిదవ వీధియు కలియు మూలను, 1845లో ప్రతిష్ఠింపబడినది. ముందు భాగమున గ్రీకుల కోవెలవలె ఎత్తైన స్తంభములు కలవు. దీనిని కట్టించినవారు నగరములోని వర్తకులు, న్యాయవాదులు, కర్మాగారముల యజమానులు. ఆ కాలమున బానిసల క్రయవిక్రయములకు న్యూ ఆర్లియన్స్ తరువాత అమెరికాలో రెండవ పెద్ద సంత రిచ్మండే. సంత జరిగిన షాకో బాటమ్ అను పల్లపు ప్రాంతమునకు ఆలయమునుండి నడచి పోవచ్చును. నగరమునకు పేరు తెచ్చిన పొగాకు వ్యాపారము, పిండిమరలు, ఇనుప కొలుములు చాలవఱకు బానిసల కష్టముమీద నడచినవి. ప్రసిద్ధమైన ట్రెడిగార్ ఇనుప కర్మాగారపు యజమాని జోసెఫ్ రీడ్ ఆండర్సన్ ఈ సంఘములోనివాడే. ఆయన కొలుముల వద్ద బానిసలు పనిచేసిరి. ఆదివారము చందా పళ్ళెములో పడిన నాణెము ఎవరి చెమటయో వేఱుగ చెప్పనక్కఱలేదు.

1861లో దక్షిణ రాష్ట్రములు బానిసత్వమును నిలుపుకొనుటకై సంయుక్త రాష్ట్రములనుండి విడిపోయి కాన్ఫెడరసీ అను కూటమిగా ఏర్పడి, రిచ్మండును తమ రాజధానిగా చేసికొనెను. ఆ కూటమి అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ 1862లో బాప్తిస్మము పొంది సెయింట్ పాల్స్ సంఘములో చేరెను. సేనాపతి రాబర్ట్ లీ కూడ నగరమున నున్నప్పుడు ఇచ్చటనే ఆరాధించెడివాడు. 1865 ఏప్రిల్ 2వ తేదీ ఆదివారము ఆరాధన జరుగుచుండగా డేవిస్ కూర్చున్న చోటికి ఒక వార్త వచ్చెను. పీటర్స్‌బర్గ్ వద్ద తమ వ్యూహము ఛిద్రమైనది, రాజధానిని విడువవలెనని లీ పంపిన వార్త యది. ఆయన లేచి వెడలిపోయెను. ఆ రాత్రి తిరోగమించు సైన్యము పెట్టిన నిప్పు వర్తకవీథులను కాల్చివేసెను. మఱునాడు నగరములో ప్రవేశించిన సంయుక్త సైన్యమునందు నల్లజాతి సైనికులు కూడ నుండిరి.

యుద్ధములో ఓడినవారు రాళ్ళమీదను గాజుమీదను గెలువజూచిరి. 1890వ దశాబ్దములో ఈ ఆలయమున లీకి, డేవిస్‌కు స్మారకముగా రంగుటద్దముల కిటికీలు అమర్చిరి. లీ స్మారకముగా ఎన్నుకొన్న చిత్రము మోషేది! ఫరో రాజభవనమును విడిచి తన జనులతో కష్టపడుటకు వెళ్ళిన మోషేవలె, సంయుక్త సైన్యమును విడిచి తన రాష్ట్రము పక్షమున నిలిచినాడని వారి భావము. బానిసలను విడిపించిన ప్రవక్త రూపమును, బానిసత్వమును కాపాడు సేనను నడపినవానికి ఇచ్చిరన్న మాట. ఆ దేశపు నల్లజాతివారు తమ దాస్యకాలమంతయు ఇదే మోషే కథను పాడుకొని ప్రాణములు నిలుపుకొనినవారు. వారి ఆశను గైకొని వారి యజమానికి ఆభరణముగా తొడిగిరి. డేవిస్‌కు సంకెళ్ళతో అగ్రిప్ప రాజు ఎదుట నిలిచిన పౌలు చిత్రము దక్కినది; యుద్ధానంతరము డేవిస్ రెండేండ్లు చెఱలో నుండెను గదా. ఇట్లు ఈ ఆలయమునకు కాన్ఫెడరసీ మహాదేవాలయమని పేరు స్థిరపడెను. ఆ కిటికీల వెలుతురులో నాలుగు తరములవారు మోకరించి ప్రార్థించిరి. వారిలో దుష్టులే యుండిరని అనరాదు. పసితనమునుండి చూచిన చిత్రమును ఎవరు ప్రశ్నింతురు?

ఈ ఆలయమునుగూర్చి ఒక కథ లోకములో ప్రచారమందున్నది. 1865వ సంవత్సరమున, యుద్ధము ముగిసిన కొలది దినములకు, పరిశుద్ధ సంస్కారమునకు అందఱికంటె ముందుగ ఒక నల్లజాతి పురుషుడు నడచి వచ్చి బలిపీఠపు కమ్మి యొద్ద మోకరించెనట. తెల్లవారందఱు కొయ్యబారి కూర్చుండిరట. అప్పుడు నెరసిన గడ్డము గల లీ లేచి వెళ్ళి మోకరించెనట. తక్కినవారు ఆయనను అనుసరించిరట. నేడు ఈ కథను చెప్పువారు దీనిని జాతుల సఖ్యతకు తొలి దృశ్యముగ వర్ణింతురు. విన్నవారి కన్నులు చెమ్మగిల్లును.

కాని ఈ కథను మొదట పత్రికకెక్కించినవాడు టి. ఎల్. బ్రౌన్ అను మాజీ దక్షిణ సేనాధికారి. అది జరిగినదన్న నలువదియేండ్లకు, 1905లో. ఆయన చెప్పిన రీతి వేఱు. నల్లవాడు ముందుకు వచ్చుట తెల్లవారిని అవమానించుటకు గెలిచినవారు పన్నిన పన్నాగమని ఆయన తలంపు. లీ ఆ మనుష్యుని ఉనికినే లెక్కచేయక, గాంభీర్యము చెడకుండ వెళ్ళి మోకరించి ఆ అవమానమును జయించెనని ఆయన మెచ్చుకోలు. మూడేండ్ల క్రిందటనే, 1902లో, వర్జీనియా క్రొత్త రాజ్యాంగము నల్లవారిలో పెక్కుమంది ఓటుహక్కును ఊడబెఱికినది. ఆ దినములకు తగిన కథయే అది. అసలు జరిగినదా లేదా యన్నదియు చరిత్రకారులకు సందేహమే. తరువాతి తరములు ఆ కథలోని చేదును వడపోసి తీపిని మాత్రము ఉంచుకొనిరి. రెండు రీతులలోను ఒక సంగతి మాఱలేదు. మొదట మోకరించిన మనుష్యుని పేరు ఎవరును చెప్పలేదు. ఆయన ఏమి తలంచి వచ్చెనో, ఎచ్చట పనిచేసెనో, భార్యాబిడ్డలు ఏ సంతలో అమ్ముడుపోయిరో ఎవరును అడుగలేదు. సఖ్యత కథలో కూడ కథానాయకుడు సేనాపతియే.

2015 జూన్ 17న దక్షిణ కరోలినా రాష్ట్రమందలి చార్ల్‌స్టన్ నగరములో ఇమ్మానుయేల్ అను నల్లజాతివారి దేవాలయమున, బైబిలు పాఠమునకు కూడిన తొమ్మండుగురిని ఒక తెల్లజాతి యువకుడు కాల్చి చంపెను. వాడు కాన్ఫెడరసీ జెండాను పట్టుకొని తీయించుకొన్న చిత్రములు లోకమంతయు చూచినది. రిచ్మండులోని ఈ సంఘీకులు చాలవఱకు తెల్లవారు, విద్యావంతులు. బీదల సేవలో పేరున్నవారు. అట్టివారు తమ ఆలయములోనే ఆ జెండా గుర్తులున్నవని క్రొత్తగ చూచిరి. గోడ ఫలకములమీద కలదు. మోకరించు దిండ్ల కుట్టుపనిలో కూడ కలదు. ప్రార్థించునప్పుడు మోకాళ్ళక్రింద ఏమున్నదో ఎవరు చూతురు?

ఆ వేసవిలో సంఘ గురువు ప్రసంగముతో ఆరంభమైన ఆలోచన చరిత్ర, సఖ్యతల ఉద్యమముగ రూపొందెను. వెస్ట్రీ అను పెద్దల కార్యవర్గము ఆ యేడే జెండా గుర్తులను తొలగింప నిర్ణయించెను. అంతటితో ఆగి యుండినచో ఈ కథ చెప్పనవసరము లేదు. ఫలకమును ఊడదీయుటకు ఒక పూట చాలును. వారు పాత దస్త్రములు విప్పి చదువనారంభించిరి. తమ సంఘ స్థాపకులలో ఎవరు ఎందఱిని బానిసలుగ కలిగియుండిరి, యుద్ధానంతరము జాతివివక్ష చట్టములకు తమ పెద్దలు ఎట్లు తోడ్పడిరి, ఎప్పుడు మౌనము వహించిరి అని వెదకిరి. దొరికినదానిని సభలలో బిగ్గఱగ చదివిరి. క్రిస్టఫర్ గ్రాహమ్ అను చరిత్రకారుడు ఈ సంఘ చరిత్రను గ్రంథముగ వ్రాయగా 2023లో వర్జీనియా విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించినది. మధ్యలో 2020 వచ్చినది. మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ పోలీసుల చేతిలో మరణించినపిదప రిచ్మండు వీథులలోని విగ్రహములు ఒకటొకటిగా నేలకు దిగినవి. ఆ వేసవి సెయింట్ పాల్స్ కార్యవర్గము లీ, డేవిస్‌ల గౌరవార్థమున్న స్మారకములను కూడ తీసివేయ నిశ్చయించెను. అప్పటికి మొదటి ప్రసంగము జరిగి అయిదేండ్లయినది. ఇంత ఆలస్యమేల అని నిందించువారున్నారు. కాని తాతల పేర్లు చెక్కిన రాతిని ఊడదీయుటకు ఆ తాతల మనుమలే ఒప్పుకొనవలసిన చోట అయిదేండ్లు ఎక్కువ యనలేము.

ఇచ్చట మనవారు వేయదగిన గట్టి ఆక్షేపణ యొకటి కలదు. ఎవరి కర్మ వారిది. చేసినవాడే ఫలమనుభవించునని మన ధర్మము. 1860లో ఒకడు బానిసను కొనినచో 2015లోని వాని మునిమనుమడు పశ్చాత్తాపపడుటలో అర్థమేమి? చేయని పాపమును ఒప్పుకొనుట కూడ ఒక అసత్యమే గదా! ఒక్కొక్కప్పుడు అది డంబము కూడ కావచ్చును.

ఈ ఆక్షేపణ బలమైనదే. కాని పాపము వేఱు, ఋణము వేఱు. మన ధర్మశాస్త్రకారులు ఈ భేదమును ఎంత నిశితముగ చూచిరో తలంచిన ఆశ్చర్యము కలుగును. తండ్రి త్రాగుటకును, జూదమునకును చేసిన అప్పును కొడుకు తీర్చనక్కఱలేదని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. అనగా తండ్రి దుష్కార్యపు బాధ్యత కొడుకునకు చుట్టుకొనదు. కాని ఆ స్మృతియే, చనిపోయినవాని ఆస్తిని ఎవడు తీసికొనునో వాడు ఆతని ఋణమును తీర్చవలెననియు విధించుచున్నది. పుత్రుడు కానివాడైనను సరే, ధనమును పట్టినవాడు ఋణమును పట్టవలెను. మితాక్షర న్యాయమును అనుసరించు కుటుంబములలో, తండ్రి అప్పు తీర్చుట కొడుకునకు పవిత్ర ధర్మమను సూత్రము చిరకాలము న్యాయస్థానములలో చెల్లుబాటైనది. భారతదేశమున 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టము దానిని తరువాతి అప్పులకు వర్తింపకుండ చేసినది. పవిత్ర ధర్మము పోయినను, ఆస్తి పుచ్చుకొన్నవాని సంగతి మిగిలియే యున్నది. పొలము నాది, పొలముమీది తాకట్టు తాతది అనువానిని ఏ రచ్చబండయు ఒప్పదు.

రిచ్మండు ఆలయమును ఈ తూకమున నుంచి చూడవలెను. స్తంభములు, కప్పు, నగరము నడిబొడ్డున స్థలము, నిధి, గౌరవము—ఇవన్నియు నేటి సంఘీకులకు పితృధనముగ వచ్చినవి. ధనము వచ్చిన మార్గముననే ఋణము కూడ వచ్చినది. తాతల పాపమునకు వారు నరకమునకు పోనక్కఱలేదు. తాతల పుస్తకములో బాకీ యెంత యున్నదో చూడక తప్పదు.

చచ్చినవారి అప్పు బ్రతికినవారు తీర్చుట లోకములో జరుగదందురా? జరిగినది, అదియు మన కథలోనే. 1830వ దశాబ్దమున బ్రిటిషు ప్రభుత్వము తన వలసలలో బానిసత్వమును రద్దుచేసినప్పుడు 2 కోట్ల పౌండ్లు నష్టపరిహారముగ కేటాయించినది. విడుదలయైన బానిసలకు కాదు, యజమానులకు. అందులో మారిషస్ యజమానులకు 21 లక్షల పౌండ్లు చేరినవి. బానిసలకు చిల్లికాసు లేదు. ఆ పరిహారమునకై చేసిన అప్పు, తరువాతి ఋణములలో కలిసి, 2015లో గాని పూర్తిగ తీఱలేదని బ్రిటిషు ఖజానా శాఖయే 2018లో తెలిపినది. ఆ నూట ఎనుబదియేండ్లలో ఆ దేశమున పన్ను కట్టిన ప్రతివాడును, తోటల దేశములనుండి వలసపోయి పన్ను కట్టిన నల్లవాడును, మన బంధువును, యజమానులకిచ్చిన సొమ్ము బాకీని తీర్చుచు వచ్చిరి. అది చచ్చినవారి అప్పు, మాకేల యని ఏ మంత్రియు అనలేదు. ఆ పరిహారము పుచ్చుకొన్న తోటలలోనికే, బానిసలు విడిచిన పనిలోనికే, మన పూర్వులు కోరంగి రేవునుండియు మద్రాసు రేవునుండియు ఒడంబడికమీద వచ్చిరి. ఒక్క మారిషస్‌కే 1834 మొదలు నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు కూలికి వచ్చినారు.

అమెరికాలో ఎపిస్కోపల్ వారు ఈ లెక్కను సొమ్ముతో కూడ తీర్పజూచుచున్నారు. వర్జీనియాలోని వారి వేదాంత విద్యాలయము 2019లో 17 లక్షల డాలర్ల నిధి నెలకొల్పి, ఒకప్పుడు అచ్చట బానిసలుగను, తరువాత వివక్షకాలపు కూలీలుగను పనిచేసినవారి వారసులకు 2021నుండి పైకమిచ్చుట మొదలుపెట్టినది. బాల్టిమోరులో బానిసల యజమానుల కుటుంబముతో ముడిపడిన మెమోరియల్ చర్చి సంఘము అయిదేండ్లలో 5 లక్షల డాలర్లు వెచ్చించుటకు 2021లో పూనుకొన్నది. ఈ మొత్తములు జరిగిన కీడునకు సరితూగవు. తూగునని వారును అనలేదు.

ఫిలడెల్ఫియాలోని సెయింట్ థామస్ సంఘపు కథ మఱింత పాతది. పుట్టుకచే బానిసయైన అబ్సలోమ్ జోన్స్, మెథడిస్టుల ఆలయములో తమవారిని మోకాళ్ళమీదనుండి లేపి వేఱుచోటికి పొమ్మన్నందున వెడలివచ్చి, 1794లో ఆ సంఘమును స్థాపించెను. ఎపిస్కోపల్ చర్చిలో మొదటి నల్లజాతి గురువు ఆయనయే. చర్చి వారిని చేర్చుకొన్నది గాని, మండల మహాసభలో ఓటు లేదనెను. ఆ ఓటు వచ్చుటకు 1860వ దశాబ్దము రావలసివచ్చెను. 2008 అక్టోబరులో ఆ సంఘపు ఆలయముననే ఎపిస్కోపల్ చర్చి ప్రధాన బిషప్పు బానిసత్వములో చర్చి పాల్గొన్నందులకు బహిరంగ క్షమాపణ చెప్పెను. ఆ క్షమాపణను విన్నవారిలో కొందఱు అంగీకరించి, కొందఱు ఊరకుండినచో తప్పేమి? క్షమించుమని అడుగువానికి గడువు విధించు హక్కు లేదు.

తెలుగు క్రైస్తవుల మాటలో ఇచ్చట ఒక విశేషము కలదు. విరోధము తీఱి సఖ్యపడుటను వారు సమాధానపడుట అందురు. తక్కిన తెలుగువారికి సమాధానమనగా అడిగిన ప్రశ్నకు బదులు. రెండర్థములు ఒకే మాటలో నొదిగియున్నవి. ప్రశ్నకు సమాధానము చెప్పకయే సమాధానపడుదము రమ్మని పిలుచుట లోకములో ఎక్కువ. రిచ్మండువారు ముందు మొదటి అర్థమును పట్టుకొనిరి.

ఆంగ్లికన్ చర్చికిని తెలుగుదేశమునకును సంబంధము లేకపోలేదు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి. ఎస్. అజరయ్య లేచి, తెల్ల మిషనరీలు త్యాగము చేసిరి గాని భారతీయులతో స్నేహము చేయలేదని ముఖముననే చెప్పెను. సభలో కొందఱికి కోపము వచ్చినది. రెండేండ్లకు ఆయనయే దోర్నకల్లు బిషప్పై, ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషప్పు అనిపించుకొనెను. దోర్నకల్లులో 1939లో ప్రతిష్ఠితమైన ప్రధానాలయమును చూచినవారికి హిందూ స్తంభములు, మహమ్మదీయ గుమ్మటములు ఒకేచోట కనబడును. ఆయన అడిగినది సొమ్ము కాదు, ప్రక్కన కూర్చుండుట. సెయింట్ పాల్స్ కమ్మి యొద్ద ఆ పేరులేని మనుష్యుడు అడిగినదియు అదియే కాబోలు.

ఇక మన సంగతి. అమెరికాలో నేడు సుఖముగ నున్న తెలుగువారిలో పెక్కుమంది 1965 వలసచట్టము తెఱచిన ద్వారమున ప్రవేశించినవారు. నల్లజాతివారి పౌరహక్కుల పోరాటము దేశపు మనస్సును కదలింపకున్నచో ఆ ద్వారము అప్పుడు తెఱచుకొని యుండదు. అచ్చట వేంకటేశ్వరునికి శిఖరములెత్తిన మన బంధువులు ఈ ఋణమును ఎన్నడైన సభాముఖమున చదువుకొనిరా?

తోటల సంతతి అనినంతనే మనము బాధితుల పక్షమున కూర్చుందుము. అందుకు కారణము లేకపోలేదు. 1871లో మారిషస్‌లో ప్లెవిట్జ్ దొర సాయముతో పాత కూలీలు సమర్పించిన మహాజరుమీద 9,401 చేవ్రాళ్ళున్నవి. ఆ బాధ కల్ల కాదు. కాని తోటలో కూలీకిని దొరకును నడుమ సర్దారు ఉండెను. సర్దారు మనవాడే. మన భాషలో తిట్టినవాడు, లెక్కలో ఒక దినము తఱిగి వ్రాయించినవాడు, వడ్డీకి అప్పిచ్చినవాడు, దొరవద్ద మనకొఱకు వేడుకొన్నవాడు, భజనమందిరమునకు మొదటి దూలము మోయించినవాడు—ఒక్కొక్కప్పుడు అందఱును ఒక్కడే. ఎన్నో కోవెలల చలువరాతి ఫలకములమీద దాతల పేర్లున్నవి. ఆ దానము ఎట్లు కూడినది అని అడిగినవారు అరుదు. సింహాద్రి అప్పన్న పూజనాడు ఆ ఫలకమునకు కూడ పసుపు కుంకుమలు అద్దుదుము.

మనకంటె ముందు అదే చెఱకును నఱికినవారి సంతతినిగూర్చి మన ఇండ్లలో పలికిన మాటలు పిల్లలు వినియున్నారు. పెండ్లిచూపులనాడు ఆ మాటలు మఱింత గట్టిగ వినబడును. అన్నమాచార్యుల సమతాకీర్తనను వేదికమీద పిల్లలచేత పాడించి చప్పట్లు కొట్టినవారే, ఇంటికి పోయి, కూతురు ప్రేమించినవాని ముంగురులు చూచి తలుపు వేసికొన్నారు. ఇది పాపమా యని విచారింప ప్రస్తుతము పనిలేదు. బాకీ అని మాత్రము వ్రాసికొనవచ్చును.

పోర్ట్ లూయిస్ రేవున కూలీలు దిగిన ఆప్రవాసి ఘాటును యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించినది. పాఱిపోయిన బానిసలు తలదాచుకొన్న ల మోర్న్ కొండను 2008లో గుర్తించినది. ఒకే ద్వీపమున రెండును ఒక పూట ప్రయాణము. ప్రతి సంవత్సరము నవంబరు 2న ఘాటుకు పోవు కుటుంబములు ఫిబ్రవరి 1న కొండకు ఎన్ని పోవుచున్నవి? 2009లో నెలకొల్పబడిన సత్య న్యాయ సంఘము బానిసత్వమును, ఒడంబడిక కూలిని రెంటిని కలిపి విచారించి 2011లో నివేదిక సమర్పించినది. రెండు కష్టములను ఒకే గ్రంథములో కట్టిన ఆ నివేదికలో మన భాగమును మనము చదివితిమి. ఆ ప్రక్క భాగమును చదివినవారు కొందఱే.

మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో వలసకూలీల దస్త్రములు భద్రపఱుపబడియున్నవి. సంఖ్య, పేరు, తండ్రి పేరు, ఊరు, కులము, ఎత్తు, దేహమున మచ్చ. గుమాస్తా చెవికి ఎట్లు వినబడినదో అట్లు వ్రాసిన అక్షరములు. అమెరికా బానిసలకు ఆ పాటి భాగ్యమైనను లేదు. 1850, 1860 జనాభా లెక్కలలో యజమాని పేరు క్రింద వయస్సు, ఆడ మగ, రంగు మాత్రమే వ్రాసి పేరు విడిచిరి. కాబట్టి మనకు వెదకుట వారికంటె సులభము. ప్రతి సంవత్సరము ఎవరో ఒకరు తమ ముత్తాత సంఖ్య దొరికినదని కన్నీళ్ళతో వచ్చి, ఆ పత్రపు నకలును సంచికలో అచ్చువేయుమని ఇచ్చెదరు. సంపాదకులు సంతోషముతో అచ్చువేయుదురు.

దస్త్రములలో వలసకూలీల రక్షకాధికారికి కూలీలు చేసికొన్న ఫిర్యాదులు కూడ కలవు. అందులో కొన్ని దొరలమీదివి, కొన్ని సర్దారులమీదివి. ముత్తాత సంఖ్యను వెదకుచు పోయినవాడు ఒకనాడు ఈ కట్టలలో ముత్తాత పేరును, ఆయన కొట్టినాడని చెప్పిన స్త్రీ పేరును, ఆమె వ్రేలిముద్రను చూచెననుకొందము. ఆ పత్రమునకును నకలు దొరకును. దానిని కూడ సంచికకు పంపునా? పంపినచో అచ్చువేయుదురా?